ఉదయం గట్టు మీద, రాత్రి హైవే మీద
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రోజూ ఉద్యోగానికి వెళ్ళే దారి గురించి మీ సందేహాలు రాయమని గత సంచికలో కోరాం. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి మధ్య నిత్యం తిరిగే పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే బాధ చెబుతున్నాయి. హైవే మీద త్వరగానే చేరుతున్నామనీ, అయితే కుర్చీలో కూర్చునే సరికే ఒంట్లో ఓపిక అయిపోతోందనీ రాశారు. నేను ఈ ప్రాంతంలో ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్నాను. నాకు తెలిసిన దారుల గురించి, ఆ దారులు ఏ వేళ, ఏ నెలలో బాగుంటాయో, ఎప్పుడు పనికిరావో వీలైనంత వివరంగా చెబుతాను.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. వెలగపూడి సచివాలయంలో ఉద్యోగం. ఏళ్ళ తరబడి మంగళగిరి మీదుగానే కారులో వెళ్తున్నాను. కాజ టోల్‌గేటు, లారీలు, ఆగకుండా మోగే హారన్లు విసుగు పుట్టిస్తున్నాయి. ఇంకో దారి ఉందా? ఉంటే రోజూ వెళ్ళడానికి పనికొస్తుందా?

జవాబు: ఉంది. గోరంట్ల దాటి లాం, తాడికొండ, పెదపరిమి, తుళ్ళూరు మీదుగా వెలగపూడి చేరవచ్చు. దూరంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు గానీ, హైవే మీద వెళ్ళినంత వేగంగా ఈ దారిలో వెళ్ళలేరు కాబట్టి ఇరవై నిమిషాలు ముందు బయల్దేరాలి. ఆ ఇరవై నిమిషాలు ఇవ్వగలిగితే ఏడాదిలో ఎనిమిది నెలలు ఈ దారి మిమ్మల్ని నిరాశపరచదు.

ఇది నల్లరేగడి నేల. జూన్, జూలైలలో తొలి వానలు పడ్డాక దుక్కి దున్నిన చేలు తడి నల్లదనంతో కనిపిస్తాయి. ఆగస్టు, సెప్టెంబరులో పత్తి, మిరప మొక్కలు సాళ్ళు కట్టి నిలబడతాయి. డిసెంబరు వచ్చేసరికి ఒక చేలో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంటుంది, దాని పక్క చేలోనే మిరప పండుతూ ఉంటుంది. లాం దగ్గర వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. దేశమంతా పేరు తెచ్చుకున్న ఎల్‌సీఏ 334 మిరప రకం అక్కడ పుట్టిందే. ఆ ఊరి మీదుగా వెళ్తూ చుట్టూ ఎర్రబడుతున్న చేలను చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఈ దారికి అసలు శోభ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. కోసిన కాయలను కళ్ళాల్లో ఆరబోస్తారు. ఉదయం ఏడున్నరకు అటుగా వెళ్తే, రాత్రి కప్పిన పట్టాలు తీసి, మంచుకు మెత్తబడిన కాయలను కాళ్ళతో సాళ్ళు తీసినట్టుగా తిరగేస్తూ కనిపిస్తారు. ఎండ ఎక్కాక ఆడవాళ్ళు తలకు గుడ్డ చుట్టుకుని, వరసగా గొంతుకు కూర్చుని తాలు కాయలు ఏరుతుంటారు. ఒక్కొక్కరి ముందు రెండు కుప్పలు ఉంటాయి, ఒకటి నిగనిగలాడే ఎరుపు, రెండోది పాలిపోయిన తెలుపు. ఆ నెలల్లో కారు అద్దాలు పూర్తిగా దించకండి. ఘాటు గాలితో పాటు లోపలికి వచ్చి దగ్గు తెప్పిస్తుంది, కళ్ళు మండితే నడపడం కష్టం.

ఇక ఇబ్బందులు. రేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి, మీద వేసిన రోడ్డును ఎప్పటికప్పుడు కదిలిస్తూనే ఉంటుంది. అందుకే పైకి నున్నగా కనిపించే తారు రోడ్డు కూడా అలలు అలలుగా ఉండి, గంటకు యాభై కిలోమీటర్లు దాటితే కారును ఎగరేస్తుంది. రెండోది కొండవీటి వాగు. భారీ వర్షం కురిసిన మర్నాడు లాం దగ్గర వాగు పొంగి రాకపోకలు ఆగిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ముందు రాత్రి గట్టిగా వాన పడితే ఆలోచన లేకుండా మంగళగిరి దారి పట్టండి. రోడ్డు మీద పారే నీళ్ళలోకి, ముందు బండి వెళ్ళింది కదా అని, కారు దింపకండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సాయంత్రం ఈ దారిన తిరిగి రాకండి. మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తుగా వేసుకుని యార్డుకు వెళ్ళే ట్రాక్టర్లకు వెనక దీపం ఉండదు, చీకట్లో పది గజాల దగ్గరికి వచ్చేదాకా ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కు కనిపించదు. ఉదయం పల్లె దారి, చీకటి పడ్డాక హైవే అనే నియమం నేను ఎన్నో ఏళ్ళ కిందట పెట్టుకున్నాను. ఆ నియమం ఊరికే పుట్టలేదు. ఒక నవంబరు రాత్రి ఊళ్ళ మీదుగా ఇంటికి వస్తుండగా, రోడ్డు సగం దాకా ఆరబోసిన వడ్ల చుట్టూ అడ్డంగా పెట్టిన రాయి మీదికి నా కారు ముందు చక్రం ఎక్కింది. టైరు పగిలి, కారు పక్కకు లాగేసి, పంట బోదె అంచున ఆగింది. ఆ రాత్రి బోదెలో నీళ్ళు లేవు. కుప్ప మీద కప్పిన పట్టా, నల్లటి రోడ్డు ఒకే రంగులో ఉండటం వల్ల నాకు ఏమీ కనిపించలేదు. ఆ రైతును తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు, ఆయనకు వేరే కళ్ళం లేదు. తప్పు ఆ వేళలో అక్కడికి వెళ్ళిన నాది.

ప్రశ్న: బండి నడిపేవాడి కళ్ళు రోడ్డు మీద ఉండాలి. అందమైన దారి చూసుకోమని చెప్పడం ప్రమాదాన్ని పిలవడం కాదా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మీ ఆందోళనలో న్యాయం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సెకనుకు పదహారు మీటర్లకు పైగా కదులుతుంది. పక్కనున్న చెరువును రెండు సెకన్లు చూస్తే, ముప్పై మూడు మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. కాబట్టి నేను మంచి దారి అన్నప్పుడు తల తిప్పి చూడవలసిన దారి అని నా ఉద్దేశం కాదు. రోడ్డు మీదికి వంగిన నిద్రగన్నేరు కొమ్మల నీడ, కాలువ మీదుగా వచ్చే చల్లగాలి, హారన్ వినిపించని అరగంట, ఎదురుగా అద్దంలోంచే కనిపించే కొండ, ఇవన్నీ కళ్ళు రోడ్డు మీద ఉంచుకునే అనుభవించవచ్చు. పక్కకు చూడవలసింది ఏదైనా ఉంటే బండి పూర్తిగా పక్కకు తీసి, ఆపి చూడాలి. ఆపడానికి వీలులేని చోట, ఉదాహరణకు ప్రకాశం బ్యారేజీ మీద, చూడకుండానే సాగిపోవాలి. అలసట కూడా ప్రమాదమేనని మాత్రం మనవి చేస్తాను. లారీల మధ్య గంటసేపు పళ్ళు బిగించి నడిపేవాడి కన్నా, నలభై వేగంతో నిదానంగా వచ్చేవాడు ఎక్కువ జాగ్రత్తగా ఉండటం నేను చూశాను.

ప్రశ్న: నేను విజయవాడ భవానీపురంలో ఉంటాను. మంగళగిరిలో ఒక ఆసుపత్రిలో నర్సును. ఉదయం షిఫ్టుకు స్కూటీ మీద వెళ్తాను. కొందరు వారధి (కృష్ణ మీది హైవే వంతెన) మీదుగా హైవే ఎక్కమంటున్నారు, కొందరు బ్యారేజీ మీదుగా వెళ్ళమంటున్నారు. ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అమ్మా, మీరున్న చోటు నుంచి బ్యారేజీయే సరైన దారి. కనకదుర్గ ఫ్లైఓవర్ 2020 అక్టోబరులో తెరిచాక అటు రాకపోకలు సులువైన మాట నిజమే గానీ, వారధి కోసం ఊరంతా చుట్టి లారీల మధ్య స్కూటీ నడపవలసిన అవసరం మీకు లేదు. బ్యారేజీ మీదికి భారీ వాహనాలను రానివ్వరు. ద్విచక్ర వాహనానికి అంతకు మించిన రక్షణ ఏముంటుంది?

పైగా ఆ పన్నెండు వందల మీటర్ల దారి మన ప్రాంతంలో ఉదయం వేళ దొరికే అత్యుత్తమమైన దారి అని నా నమ్మకం. 1850లలో కట్టిన పాత ఆనకట్టకు బదులుగా 1957లో పూర్తయిన ఈ బ్యారేజీకి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. దీనికి డెబ్బై గేట్లు ఉన్నాయి. మీరు విజయవాడ వైపు నుంచి ఎక్కినప్పుడు సూర్యుడు ఎడమ చేతి వైపు, దిగువన రైలు వంతెనల మీదుగా లేస్తాడు, కళ్ళలో సూటిగా పడడు. కుడి వైపున నిండుగా ఆగి ఉన్న నీళ్ళు, వాటి అవతల భవానీ ద్వీపం ఉంటాయి. నీటిమట్టం పన్నెండు అడుగుల దగ్గర నిలిచి, గేట్లన్నీ మూసి ఉన్న రోజుల్లో ఎగువ నీళ్ళు కదలకుండా ఇంద్రకీలాద్రిని తలకిందులుగా చూపిస్తాయి. దిగువన ఇసుక తిన్నెల మధ్య మడుగులు, మడుగుల అంచున కొంగలు, రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకులు కనిపిస్తాయి. వరద వచ్చి గేట్లు ఎత్తినప్పుడు ఆ నిశ్శబ్దం ఉండదు, కాళ్ళ కింద రోడ్డు మెల్లగా అదురుతున్నట్టు అనిపిస్తుంది, తుంపర గాలికి లేచి ముఖాన పడుతుంది.

బ్యారేజీ దిగాక సీతానగరం, తాడేపల్లి మీదుగా హైవే ఎక్కవచ్చు. సమయం ఉన్న రోజు ఉండవల్లి సెంటరు నుంచి పెనుమాక, ఎర్రబాలెం మీదుగా మంగళగిరి చేరండి. ఉండవల్లి, పెనుమాక జరీబు భూముల్లో (నది పక్కన నీటి వసతి ఉన్న సారవంతమైన నేలల్లో) అరటి, కూరగాయలు, పూలతోటలు ఉంటాయి. మల్లెల కాలంలో ఆ దారిన వెళ్ళే స్కూటీకి కారు కన్నా ఎక్కువ భాగ్యం ఉందని చెప్పాలి, ఎందుకంటే అద్దాలు బిగించుకున్న కారులోకి ఆ వాసన రాదు. మంగళగిరి దగ్గరపడేకొద్దీ ఏనుగు పడుకున్నట్టుండే కొండ ఎదురుగా పెరుగుతూ వస్తుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం కొండ నీడలోంచి బయటపడే క్షణం కోసం నేను ఆ మలుపు దగ్గర ఎప్పుడూ వేగం తగ్గిస్తాను.

జాగ్రత్తలు కూడా వినండి. మే, జూన్ నెలల్లో బ్యారేజీ మధ్యలో ఈడ్చికొట్టే గాలి స్కూటీని ఒక జానెడు పక్కకు నెడుతుంది, అందుకని పక్కనున్న బండికి మరీ ఆనుకుని వెళ్ళకండి. దసరా నవరాత్రుల్లో, డిసెంబరులో భవానీ దీక్షల విరమణ రోజుల్లో పోలీసులు ట్రాఫిక్ మళ్ళిస్తారు కాబట్టి ముందు రోజు పత్రికలో చూసుకుని బయల్దేరండి. పెద్ద వరదల్లో బ్యారేజీని మూసేస్తారు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొన్నప్పుడు ఏం జరిగిందో మీరు దగ్గరుండి చూసే ఉంటారు. అటువంటి రోజుల్లో వారధే గతి. వారధి దారిని నెలకు ఒకసారైనా వెళ్ళి చూసి ఉంచుకుంటే, అవసరం వచ్చిన నాడు తడుముకోనక్కర్లేదు.

ప్రశ్న: కాజ టోల్ రోజూ కడుతున్నాను. ఫాస్టాగ్ ఏడాది పాసు తీసుకుంటే లాభమా? సొంత కారు.

జవాబు: 2025 ఆగస్టు 15న మొదలైన ఈ పాసు ధర అప్పట్లో 3,000 రూపాయలు. ఏడాది గాని, 200 సార్లు టోల్‌గేటు దాటడం గాని, ఏది ముందు పూర్తయితే అక్కడితో అది ముగుస్తుంది. రోజుకు రెండుసార్లు, నెలకు 22 పనిదినాలు అనుకుంటే 44 సార్లు అవుతుంది, అంటే పాసు నాలుగున్నర నెలల్లో అయిపోతుంది. అప్పుడు కూడా ఆ ధర ప్రకారం ఒక్కసారికి పడేది 15 రూపాయలే. మీ ఇల్లు టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉంటే స్థానికులకు ఇచ్చే నెలవారీ పాసు ఇంకా చవక పడవచ్చు. ఆధార్ కార్డు, ఆర్‌సీ పట్టుకుని టోల్‌గేటు కార్యాలయంలో అడగండి. ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు.

ప్రశ్న: యనమలకుదురులో ఉంటాను. తోట్లవల్లూరులో పాఠశాల ఉపాధ్యాయుడిని. బందరు రోడ్డు మీద పోరంకి, పెనమలూరు దాటేసరికి అరగంట పోతోంది. కరకట్ట మీదుగా వెళ్తే బాగుంటుందని మా సహోద్యోగి అంటాడు. మా ఆవిడ మాత్రం వద్దంటోంది.

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మీ సహోద్యోగి దారి గురించి చెబుతున్నాడు, మీ ఆవిడ కరకట్ట గురించి చెబుతోంది.

కరకట్ట అంటే రోడ్డు కోసం కట్టింది కాదు, కృష్ణ వరద ఊళ్ళ మీద పడకుండా పోసిన మట్టికట్ట. దాని మీద తారు వేశారు. అందుకే అది నది ఎటు తిరిగితే అటు తిరుగుతుంది, వెడల్పు తక్కువ, రెండు వైపులా ఏటవాలుగా దిగిపోతుంది, చాలా చోట్ల పిట్టగోడ ఉండదు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒకరు మట్టి అంచుకు దిగాల్సిందే, వాన పడిన రోజు ఆ అంచు జారుతుంది. ఇసుక బండ్లు తిరిగే రోజుల్లో తారు మీద సన్నటి ఇసుక పరుచుకుని మలుపుల్లో ద్విచక్ర వాహనాలను పడేస్తుంది. మీ ఆవిడ భయానికి ఇవన్నీ కారణాలు.

అయినా మీరు ఆ దారిన వెళ్ళాలనే నేను అంటాను, ఉదయం పూట, వానలేని రోజుల్లో, నలభై దాటకుండా. ఎందుకంటే ఇటువంటి ఎత్తు మన డెల్టాలో మరెక్కడా దొరకదు. డెల్టా అంతా చదును, అక్కడ నేల మీద నిలబడి ఎంత చూసినా పక్క చేను గట్టు దాకానే చూపు ఆనుతుంది. కరకట్ట ఎక్కితే మాత్రం ఒక పక్క పెదపులిపాక, చోడవరం వంటి ఊళ్ళ ఇళ్ళ కప్పులు, కొబ్బరి తలలు మీ కళ్ళకు సమానంగా వస్తాయి. రెండో పక్క లంక భూములు, వాటి అవతల నది. అరటి, పసుపు, కంద తోటలు ఒకదాని వెంట ఒకటి. వర్షాకాలం చివర పసుపు ఆకు ఛాతీ ఎత్తుకు పెరిగి ఉన్నప్పుడు, కంద మొక్కలు గొడుగుల్లా విచ్చుకుని ఉన్నప్పుడు, తెల్లవారుజాము తడి వాసన ఇంకా పోకుండా ఉన్నప్పుడు చూడాలి.

డిసెంబరు చివర, జనవరిలో నదిలోంచి లేచిన పొగమంచు లంకల మీద ఆగి, అరటి చెట్ల మొదళ్ళు కనిపించకుండా ఆకులు మాత్రమే తేలుతున్నట్టు ఉంటాయి. ఒకసారి నేను కట్ట మీద బండి ఆపుకుని ఉండగా, మంచులోంచి ముందు గంటల చప్పుడు, తర్వాత రెండు కొమ్ములు, ఆ తర్వాత అరటి గెలలు వేసుకున్న ఎడ్లబండి మొత్తంగా బయటికి వచ్చి, నన్ను దాటి మళ్ళీ మంచులోకి వెళ్ళిపోయింది. బండి తోలే పెద్దాయన కంబళి ముసుగులోంచి, ముందు గేదెలు వస్తున్నాయి నెమ్మదిగా వెళ్ళమని చెప్పాడు. ఆయన చెప్పకపోతే నేను వాటి మధ్యకే వెళ్ళేవాడిని. మంచులో పెద్ద లైటు వెయ్యకండి, వెలుతురు మంచుకు తగిలి మీ కళ్ళకే కొడుతుంది. చిన్న లైటుతో, అద్దాలు కొంచెం దించి చెవులకు పని చెబుతూ వెళ్ళండి. పది గజాల అవతల కనిపించని రోజు మాత్రం బందరు రోడ్డుకే వెళ్ళండి, ఆలస్యమైనా సరే.

మహాశివరాత్రికి మీ యనమలకుదురు ప్రభల ఉత్సవం జరిగే రెండు రోజులూ కరకట్ట మొదట్లోనే ఆగిపోతారు, అది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. వరద హెచ్చరిక ఉన్నప్పుడు కట్ట మీదికి ఎవరూ వెళ్ళకూడదు. లంకల వాళ్ళు పశువులతో సహా కట్ట ఎక్కి అక్కడే ఉంటారు, మన బండ్లు వాళ్ళకు అడ్డం కాకూడదు.

ప్రశ్న: విజయవాడ నుంచి నూజివీడు ట్రిపుల్ ఐటీకి వారానికి ఐదు రోజులు వెళ్ళాలి. అందరూ హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్తున్నారు. మంచి దారి చెప్పండి.

జవాబు: నున్న, ఆగిరిపల్లి మీదుగా వెళ్ళండి. హనుమాన్ జంక్షన్ దారి వేగమైనదే గానీ ఏలూరు రోడ్డు ట్రాఫిక్ దాటేసరికి ఆ లాభం పోతుంది. నున్న దాటాక మామిడి తోటలు మొదలై నూజివీడు దాకా ఏదో ఒక పక్కన మీతోనే ఉంటాయి. జనవరి, ఫిబ్రవరిలో పూత మీద ఉన్న తోటల వాసన ఉదయం చల్లగాలికి రోడ్డు మీదికి దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నున్న మామిడి మార్కెట్టుకు బంగినపల్లి, రసాల లోడు ట్రాక్టర్లు బారులు తీరుతాయి, ఆ రెండు నెలలూ మార్కెట్టు దగ్గర పావుగంట ఎక్కువ లెక్క వేసుకోండి. ఆగిరిపల్లిలో శోభనాచలం కొండ రోడ్డు మీది నుంచే కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో సూర్యుడు ఎదురుగా దిగుతాడు కాబట్టి అద్దం లోపలి వైపు కూడా తుడిచి ఉంచుకోండి, లోపలి మసక మీద సాయంత్రపు ఎండ పడితే ముందున్నది ఏమీ కనిపించదు.

ప్రశ్న: తెనాలి నుంచి గుంటూరుకు బండి మీద వెళ్ళి వస్తాను. సాయంత్రం పురుగులు కళ్ళలో పడుతున్నాయి. దారి మార్చాలా? – ఒక బ్యాంకు ఉద్యోగిని

జవాబు: దారి మార్చనక్కర్లేదు, హెల్మెట్ అద్దం మార్చండి. అక్టోబరు, నవంబరు నెలల్లో వరి పొట్ట మీద, ఈనిక మీద ఉన్నప్పుడు చేలల్లోంచి సుడిదోమ దీపాల వెలుగుకు గుంపులుగా లేస్తుంది. అది మామూలు పురుగు కాదు, రైతుకు నిద్ర లేకుండా చేసే పురుగు. మీకు కళ్ళు మండిన రోజుల్లో అటు పక్క చేలో ఎవరో మందు కొట్టే ఆలోచనలో ఉంటారు. గీతలు పడని తెల్లటి అద్దం ఉన్న హెల్మెట్ కొనుక్కుని, చీకటి పడ్డాక అద్దం దించే నడపండి. నల్ల అద్దం రాత్రి పనికిరాదు. కంట్లో పురుగు పడితే నలపకుండా, బండి పక్కకు ఆపి మంచినీళ్ళతో కడగండి.

ఉదయం నారాకోడూరు దారిన కాకుండా అప్పుడప్పుడు నందివెలుగు దారిన రండి. గుంటూరుకు దగ్గర్లో ఉప్పలపాడు చెరువు ఉంది. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఆ చెరువు మధ్య తుమ్మచెట్ల మీద కొమ్మ కనిపించకుండా కూర్చుంటాయి. శని, ఆదివారాల దాకా ఆగవలసిన పని లేదు. పావుగంట ముందు బయల్దేరితే బ్యాంకు తెరిచే వేళకే మీరు పక్షులనూ చూసి ఉంటారు. ఊరి చెరువు కాబట్టి హారన్ కొట్టకుండా వెళ్ళండి.

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడ నుంచి తెనాలికి కారులో ఉద్యోగానికి వెళ్తాడు. హైవే వదిలేసి రేవేంద్రపాడు, దుగ్గిరాల కాలువ వెంట వెళ్తున్నాడని తెలిసింది. కార్లు కాలువలో పడ్డ వార్తలు చదివినప్పుడల్లా నాకు నిద్ర పట్టడం లేదు. వాడికి మీరైనా చెప్పండి.

జవాబు: అమ్మా, ఆ దారిన వెళ్ళవద్దని నేను చెప్పలేను, నేనూ ఆ దారి మనిషినే. బ్యారేజీకి దక్షిణపు కొసన సీతానగరం దగ్గర మొదలైన కాలువ నీళ్ళు తెనాలి వైపు డెల్టాను బతికిస్తున్నాయి. జూన్‌లో నీళ్ళు వదిలిన నాటి నుంచి గట్టున చెట్ల రంగే మారిపోతుంది. ఫిబ్రవరి, మార్చిలో దుగ్గిరాల దగ్గర పసుపు ఉడకబెట్టి ఆరబోసే వాసన మీ అబ్బాయి చొక్కాకు అంటుకుని ఇంటిదాకా వస్తుండాలి. అయితే మీ భయం ఉత్తది కాదు. ఆ భయానికి తగిన పనులు అతని చేత చేయించండి.

కాలువలు నిండుగా పారే జూలై నుంచి డిసెంబరు దాకా చీకటి పడ్డాక ఆ దారిన రాకూడదు. నిద్ర తక్కువైన రోజు, కొద్దిగానైనా తాగిన రోజు అసలే వద్దు. కాలువ వైపు అంచున ఎదుటి బండికి దారి ఇవ్వవలసి వస్తే దిగి పోకుండా, ముందే ఆగి ఎదుటివాడిని పోనివ్వాలి. టైర్ల మీద గాడి అరిగిపోతే తడి రోడ్డు మీద బ్రేకు పట్టదు కాబట్టి వానలకు ముందే మార్పించాలి.

జరగకూడనిది జరిగితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. కారు నీళ్ళలో పడగానే మునిగిపోదు, కాసేపు తేలుతుంది. ఆ కాసేపట్లో తలుపు తెరవడానికి గుంజులాడకూడదు, బయటి నీటి బరువుకు అది రాదు. మొదట సీటు బెల్టు తీసి, వెంటనే పక్క అద్దం దించి అందులోంచి బయటికి రావాలి. వెనక పిల్లలు ఉంటే వాళ్ళను ముందు పంపాలి. అద్దం దిగకపోతే పక్క అద్దం మూలన గట్టిగా కొట్టి పగలగొట్టాలి. ముందు అద్దం మీద బలం వృథా చేయకూడదు, అది పొరలుగా చేసింది, ఒక పట్టాన పగలదు. ఇందుకోసమే అమ్మే చిన్న సుత్తి ఒకటి కార్ల సామాన్ల దుకాణంలో తీసుకుని, డిక్కీలో కాదు, నడిపేవాడి చేతికి అందే చోట బిగించి ఉంచాలి.

ఇవన్నీ మీ అబ్బాయికి ఉత్తరంలో చదివి వినిపించడం కన్నా, ఒక సెలవు రోజు ఉదయం మీరే అతని పక్కన కూర్చుని తెనాలి దాకా వెళ్ళి రండి. ఎక్కడ నెమ్మదిగా నడుపుతున్నాడో, ఎక్కడ ఎదుటివాడికి ఆగి దారి ఇస్తున్నాడో మీ కళ్ళతో చూడండి. రేవేంద్రపాడు వంతెన దగ్గర కాసేపు ఆపమనండి. నీళ్ళు వదిలిన కాలమైతే అక్కడ గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకుపోతూ ఉంటుంది, దాని మీద నిలబడి తెల్ల కొంగలు కూడా ప్రయాణం చేస్తుంటాయి.